క్లచ్ లేని ట్రాక్టర్ మీద కాళ్లు ఎలా పెట్టాలి: హెచ్‌ఎస్‌టీ పెడల్స్ నేర్చుకునే పద్ధతి

గేర్ల ట్రాక్టర్ మీద చెయ్యి తిరిగిన డ్రైవర్‌ను తీసుకొచ్చి హైడ్రోస్టాటిక్ (హెచ్‌ఎస్‌టీ) చిన్న ట్రాక్టర్, అంటే క్లచ్ బదులు నూనె ఒత్తిడితో చక్రాలు తిరిగే బండి, ఎక్కించండి. తాళం తిప్పకముందే అతని ఎడమ కాలు క్లచ్ కోసం వెతుకుతుంది. చాలా మోడళ్లలో అక్కడ ఉండేది బ్రేకు. కుడి కాలు బ్రేకుల చోటికి పోతుంది. అక్కడ ఉండేది బండిని నడిపించే పెడల్. ఎదురుగా ఏ మేకో అడ్డమొచ్చి, గాభరాలో పాత అలవాటు ప్రకారం రెండు కాళ్లూ ఒకేసారి గట్టిగా తొక్కాడనుకోండి. ఎడమ కాలు బండిని ఆపాలని చూస్తుంది, కుడి కాలు అదే బండిని ముందుకు తోస్తుంది. ఈ ట్రాక్టర్ నేర్చుకోవడంలో సగం పని కాళ్లకున్న ఈ అలవాటును వదిలించడమే. మిగతా సగం తేలిక, నిజానికి గేర్లకన్నా తేలిక.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇలాంటి బండ్లు ఇంకా అరుదు. అమెరికాలో మాత్రం ఇంటి చుట్టూ ఎకరం రెండెకరాలు ఉన్నవాళ్లు కొనే చిన్న ట్రాక్టర్లలో హెచ్‌ఎస్‌టీ మామూలు విషయం. మహీంద్రా వాళ్లు 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో విడుదల చేసిన ఓజా శ్రేణి తయారయ్యేది మన జహీరాబాద్‌లోనే. ఇక్కడ అమ్మే ఓజాలు గేర్లవి, అమెరికాలో అదే పేరుతో హెచ్‌ఎస్‌టీవి దొరుకుతాయి. కొడుకు దగ్గరికని టెక్సాస్ వెళ్లిన నాన్న, "ట్రాక్టరే కదరా, నాకు నేర్పుతావా" అంటూ ఆ బండి ఎక్కేస్తాడు. ఇది ఆ నాన్నకీ పనికొస్తుంది, ఊళ్లో తోట కోసం ఇలాంటిది తెప్పించుకుందామా అని చూస్తున్నవాళ్లకీ పనికొస్తుంది.

మిర్యాలగూడ ఆయకట్టులో వరి కోసే చైన్ మిషన్ నడిపినవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఆ మిషన్లలో చాలావరకు హెచ్‌ఎస్‌టీవే. లీవర్ ముందుకు తోస్తే ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి, మధ్యలో ఉంచితే నిలబడుతుంది. ట్రాక్టర్‌లో అదే పని చేతికి బదులు కాలు చేస్తుంది. జేసీబీ నడిపినవాళ్లు మాత్రం "మాకూ తెలుసు" అనుకోవద్దు. బ్యాక్‌హో జేసీబీలో ఉండేది టార్క్ కన్వర్టర్, దాని నడక వేరు.

లోపల ఏం జరుగుతుంది

ఇది తెలియకుండా పెడల్ మీద కాలు పెడితే అది మీకు ఎక్సలేటర్ లాగే అనిపిస్తుంది, తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి. అందుకే రెండు ముక్కల్లో చెబుతాను.

ఇంజిన్ ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను ఒత్తిడితో ఒక మోటారులోకి నెడుతుంది. మోటారు చక్రాలను తిప్పుతుంది. పంపు లోపల అటూ ఇటూ వాలే పలక ఒకటుంది. మీరు నొక్కే పెడల్‌కు, ఆ పలకకు లింకు ఉంటుంది. పలక నిటారుగా ఉంటే పంపు తిరుగుతున్నా నూనె ముందుకు కదలదు, కాబట్టి బండి నిలబడుతుంది. పలక ఒకవైపు వాలితే బండి ముందుకు, రెండోవైపు వాలితే వెనక్కి. ఎంత వాలితే అంత వేగం. కాబట్టి గేరు, క్లచ్, రివర్స్ అన్నీ ఆ ఒక్క పెడల్‌లోనే ఉన్నాయి. ఇంజిన్ రేజ్ (తిరిగే వేగం) మాత్రం చేతి దగ్గరి థ్రాటిల్‌తో విడిగా పెడతారు. కొన్ని కొత్త మోడళ్లలో పెడల్ నొక్కితే రేజ్ కూడా తనంతట తాను పెరిగే ఏర్పాటు ఉంది. నేర్చుకునే రోజుల్లో అలాంటిది ఉంటే ఆపేసి ఉంచండి.

మొదటి పని: పెడల్స్ ఏ రకమో చూసుకోవడం

ఇంజిన్ ఆపి ఉండగానే కిందికి వంగి చూడండి. మీకు ఎదురయ్యేవి ముఖ్యంగా రెండు రకాలు.

ఒకటి, పక్కపక్కన రెండు పెడల్స్. జాన్ డీర్ చిన్న ట్రాక్టర్లు ఇలా ఉంటాయి. రెండూ కుడివైపే ఉంటాయి. లోపలివైపు పెద్దది ముందుకు పోవడానికి, బయటివైపు చిన్నది వెనక్కి రావడానికి. మడమను ఫుట్‌బోర్డు మీద ఆనించి, కాలి ముందు భాగాన్ని మాత్రం అటూ ఇటూ జరుపుతారు. ఒక పెడల్ కిందికి పోతుంటే రెండోది పైకి లేస్తుంది, లోపల రెండూ ఒకే పలకను వంచుతాయి కాబట్టి.

రెండోది, ఒకే పొడుగాటి పెడల్. కుబోటా బీఎక్స్, బీ రకాలలో కనిపిస్తుంది. మన కుట్టుమిషన్ కింద తొక్కే పలక లాగే మధ్యలో ఇరుసు, రెండు చివరలా ఊగుతుంది. కాలివేళ్లతో ముందు చివర నొక్కితే ముందుకు, మడమతో వెనక చివర నొక్కితే వెనక్కి. కాలు తీసి మరో పెడల్ మీద పెట్టాల్సిన పని లేదు, అదే దీని గొప్ప.

ఇవి కాక చేతి లీవర్‌తో నడిచేవీ ఉన్నాయి. 1967లో అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తెచ్చిన 656 హైడ్రో ట్రాక్టర్‌లో కూడా వేగం చేతి లీవర్ మీదే ఉండేది. ఇవాళ్టి చిన్న ట్రాక్టర్లలో ఆ పని కాలికి ఇచ్చారు, ఎందుకంటే బండి ముందు వైపు లోడర్ (మట్టి, పెంట ఎత్తే బకెట్టు) బిగిస్తే కుడి చెయ్యి దాని లీవర్ మీద, ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద ఉంటాయి. ఖాళీగా మిగిలేది కాళ్లే.

ఇక బ్రేకు సంగతి. చాలా చిన్న ట్రాక్టర్లలో అది ఎడమ కాలి కింద ఉంటుంది. కొన్నింటిలో కుడివైపే ఉంటుంది. అలాంటి చోట నడిపే పెడల్ మీంచి కాలు ఎత్తితే గానీ బ్రేకు తొక్కలేరు, ఒక రకంగా అది మంచిదే. కొన్ని హెచ్‌ఎస్‌టీ మోడళ్లలో క్లచ్ పెడల్ కూడా ఉంటుంది. అది చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. బండిని కదిలించడానికీ ఆపడానికీ దానితో రోజూ పని ఉండదు, పీటీఓ (రోటవేటర్ లాంటి పనిముట్లను తిప్పే షాఫ్టు) వేసేటప్పుడో స్టార్ట్ చేసేటప్పుడో నొక్కమంటారు.

పెడల్స్ మీద చిన్న బాణం గుర్తులుంటాయి. మట్టి పట్టి కనబడకపోతే తుడవండి. ఒకరికన్నా ఎక్కువమంది నడిపే బండి అయితే ముందుకు పోయే పెడల్ మీద తెల్ల పెయింటు ఒక గీత పూయండి.

రెండో పని: సీటు, చెప్పులు

మనవాళ్లు చెప్పులతోనో, ఉత్త కాళ్లతోనో ట్రాక్టర్ నడుపుతారు. గేర్ల బండి మీద అది నడిచిపోతుంది. ఒకే పెడల్ ఉన్న హెచ్‌ఎస్‌టీ మీద నడవదు. మడమతో వెనక చివర నొక్కాలంటే చెప్పు వెనక భాగం కాలికి అంటుకుని ఉండాలి. రబ్బరు చెప్పు మడమ దగ్గర ఊడి వేలాడుతుంది, పెడల్ అంచుకు చిక్కుకుంటుంది, మీరు కాలు ఎత్తినా పెడల్ కిందే ఉంటుంది. బూట్లు వేసుకోండి. అవి లేకపోతే కనీసం వెనక పట్టీ ఉన్న శాండిల్స్. రెండు పెడల్స్ రకానికి ఈ ఇబ్బంది తక్కువ, అయినా తడి రేగడి మట్టి అంటిన అరికాలు ఏ పెడల్ మీదైనా జారుతుంది. వానాకాలం బండి ఎక్కేముందు మెట్టు మీద కాలు గీరుకోవాలి. ఎర్ర చెల్కలో ఈ బాధ అంత ఉండదు.

సీటును ముందుకో వెనక్కో జరిపి, మోకాలు కొంచెం వంగి ఉండేలా పెట్టుకోండి. పెడల్ పూర్తిగా నొక్కినా మీ నడుము సీటును వదలకూడదు. సీటు మరీ వెనక్కి ఉంటే కాలు చాచి వేళ్ల కొసలతో నొక్కుతారు, సాయంత్రానికి పిక్క పట్టేస్తుంది. పొట్టిగా ఉన్నవాళ్లకు ఒకే పెడల్ రకంలో మడమ ఎత్తి పెట్టాల్సి వస్తుంది, రివర్స్ అందదు. కొనేముందు ఎక్కి కూర్చుని చూడాల్సింది ఇదే, బోనెట్ రంగు కాదు.

మూడో పని: ఇంజిన్ ఆపి కాళ్లకు పాఠం

దీన్ని ఎవరూ చేయరు. సిగ్గు. ఆగిన ట్రాక్టర్ మీద కూర్చుని కాళ్లు ఆడిస్తుంటే ఊళ్లో నవ్వుతారు. నవ్వనివ్వండి.

పార్కింగ్ బ్రేకు వేసి, రోటవేటరో బకెట్టో ఏదుంటే అది నేల మీదికి దించి, ఇంజిన్ ఆపి కూర్చోండి. కళ్లు ఎదురుగా, స్టీరింగ్ మీద చేతులు. ఎవరినైనా పక్కన నిలబెట్టి "పో", "ఆగు", "వెనక్కి" అని ఇష్టమొచ్చినట్టు చెప్పమనండి. "పో" అంటే ముందు పెడల్ మెల్లగా. "వెనక్కి" అంటే రెండో పెడల్ లేదా మడమ. "ఆగు" అన్నప్పుడు మాత్రం జాగ్రత్తగా గమనించండి. కుడి కాలు కిందికి పోతోందా, పైకి లేస్తోందా? పైకి లేవాలి. ఆపడమంటే ఈ బండిలో కాలు ఎత్తడం. పెడల్ స్ప్రింగు దాన్ని మధ్యకు తెస్తుంది, పలక నిటారవుతుంది, బండి ఆగుతుంది. బ్రేకు ఆ తర్వాత.

ఎడమ కాలికి విడిగా ఇంకో పాఠం. మనలో చాలామందికి హాఫ్ క్లచ్ అలవాటు, నడుస్తున్నంతసేపూ కాలు క్లచ్ మీదే ఆనుకుని ఉంటుంది. ఇక్కడ అదే చోట బ్రేకు ఉంటే, రోజంతా బ్రేకు రాసుకుంటూ వేడెక్కుతుంది, మీకేమో "బండి లాగుతలేదు" అనిపిస్తుంది. ఎడమ కాలును ఫుట్‌బోర్డు మీద చదునుగా పెట్టడం నేర్పండి. నెత్తి మీద కొట్టినా అది అక్కడి నుంచి కదలకూడదు, బ్రేకు కావాలనుకుంటే తప్ప.

"ఆగు" అన్నప్పుడు కుడి కాలు తనంతట తాను లేచేదాకా ఇది చేయండి. తొందరపడి తాళం తిప్పొద్దు.

నాలుగో పని: కదిలించడం

వెడల్పాటి చదును నేల చూసుకోండి. కల్లం జాగా, కోత అయిపోయిన చేను, ఏదైనా సరే. బావి, కరెంటు స్తంభం, పిల్లలు దగ్గర్లో ఉండొద్దు. ముందు లోడర్ ఉంటే బకెట్టును నేలకు జానెడు ఎత్తులో ఉంచండి.

రేంజ్ లీవర్ లోలో వేయండి. హెచ్‌ఎస్‌టీలో కూడా లో, హై అని రెండో, మధ్యది కలిపి మూడో రేంజులుంటాయి. అవి మామూలు గేర్లే, బండి పూర్తిగా ఆగాకే మార్చాలి. నడుస్తుండగా లాగితే పళ్లు అరుస్తాయి. బ్రేకు తొక్కి, పీటీఓ తీసేసి, నడిపే పెడల్ మీద కాలు లేకుండా స్టార్ట్ చేయండి. వీటిలో ఏ ఒక్కటి సరిగ్గా లేకపోయినా చాలా బండ్లు స్టార్ట్ కావు, సేఫ్టీ స్విచ్‌లు అడ్డుకుంటాయి. సీటు కింద కూడా ఒక స్విచ్ ఉంటుంది, పెడల్ నొక్కి ఉండగా లేచారంటే ఇంజిన్ ఆగిపోతుంది. మన మెకానిక్‌లు ఇలాంటివి చూడగానే "డైరెక్ట్ చేద్దాం అన్నా" అని వైరు కలిపేస్తారు. వద్దని గట్టిగా చెప్పండి. తిరిగే రోటవేటర్‌కూ మనిషి కాలికీ మధ్య ఉన్న ఆఖరి అడ్డు అదే.

రేజ్ నిమిషానికి 1500 చుట్ల దగ్గర పెట్టి, పార్కింగ్ బ్రేకు తీసి, పెడల్‌ను వేలి మందం నొక్కండి. మొదట ఏమీ జరగనట్టుంటుంది, తర్వాత బండి మెల్లగా పాకుతుంది. ఆ కదిలీ కదలని చోటును అరికాలు గుర్తుపట్టాలి. అక్కడే కాసేపు ఆడండి: కొంచెం నొక్కి, ఎత్తి, మళ్లీ నొక్కి. ఒక్కసారిగా కాలు ఎత్తేస్తే బండి తల వంచినట్టు ఆగుతుంది. ఖాళీ బండికి పర్వాలేదు, బకెట్టు నిండా పెంట ఉంటే వెనక చక్రాలు గాలిలోకి లేస్తాయి. కాలు ఎత్తడం కూడా నొక్కినంత నెమ్మదిగా ఉండాలి.

రివర్స్‌కు ముందు పూర్తిగా ఆగండి. ముందు నుంచి వెనక్కి ఒకే ఊపులో కాలు మార్చినా బండి వింటుంది, కానీ లోపల నూనె ఒత్తిడికీ పళ్లకూ అది మంచిది కాదు. రెండు పెడల్స్ రకంలో కాలు మధ్యలో ఒక్క క్షణం ఖాళీగా ఉంటుంది కాబట్టి ఈ ఆగడం సహజంగానే వస్తుంది. ఒకే పెడల్ రకంలో ఆ క్షణాన్ని మీరే ఇవ్వాలి. ఇంకో మాట, వెనక్కి చూడాలని నడుము తిప్పగానే కుడి కాలు కూడా తిరిగి పెడల్ మీంచి జారుతుంది. మడమను గట్టిగా ఆనించాకే తల తిప్పండి.

బరువు పడినప్పుడు కాలు ఏం చేయాలి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఆగి చదవండి.

గేర్ల బండిలో రోటవేటర్ గట్టి మట్టిలో దిగబడి ఇంజిన్ గొంతు మారితే కుడి కాలు ఎక్సలేటర్‌ను ఇంకాస్త తొక్కుతుంది. హెచ్‌ఎస్‌టీలో అలా తొక్కితే పలక ఇంకా వాలుతుంది. ఇంజిన్ ఒక్కో చుట్టుకు పంపు ఇంకా ఎక్కువ నూనె నెట్టాల్సి వస్తుంది, అప్పటికే అలిసిన ఇంజిన్ మీద మరింత బరువు పడి ఆగిపోతుంది. చేయాల్సింది దీనికి పూర్తిగా తలకిందులు. ఇంజిన్ మూలిగితే కాలు ఎత్తండి. వేగం తగ్గుతుంది, అదే ఇంజిన్ శక్తితో నూనె ఒత్తిడి పెరుగుతుంది, చక్రాలకు లాగే బలం వస్తుంది. తక్కువ నొక్కితే ఎక్కువ లాగుతుంది. ఎంతటి పాత డ్రైవరైనా దీన్ని ఒక పట్టాన నమ్మడు. కల్టివేటర్ దింపి ఒకసారి చేసి చూపిస్తే నమ్ముతాడు.

ఇంజిన్ బాగానే తిరుగుతూ చక్రాలు మాత్రం ఆగిపోయి, కింద నుంచి సన్నగా కీచుమనే అరుపు వస్తోందంటే సంగతి వేరు. నూనె ఒత్తిడి హద్దు దాటి, అదనపు ఒత్తిడిని వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంది. ఆ స్థితిలో పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంజిన్ శక్తంతా నూనెను కాల్చడానికే పోతుంది. వెంటనే కాలు తీసి, ఆపి, లో రేంజ్ వేసుకోండి. అప్పటికే లోలో ఉంటే ఆ పని ఈ బండికి మించినదన్నమాట.

నల్లగొండ బత్తాయి తోటల్లో ఈ పెడల్ అసలు సుఖం తెలుస్తుంది. థ్రాటిల్‌ను మీటరు మీద పీటీఓ 540 అని గుర్తున్న చోటికి ఎత్తి వదిలేయండి. ఇక దాన్ని ముట్టుకోవద్దు. చెట్ల వరుసల మధ్య ఖాళీలో కొంచెం వేగంగా, పాదు దగ్గరికి రాగానే కాలు ఎత్తి నత్తనడకన, కొమ్మ అడ్డమొస్తే ఆగి వెనక్కి. ఇంత చేసినా రోటవేటర్ బ్లేడ్లు ఒకే వేగంతో తిరుగుతుంటాయి. గేర్ల బండిలో ఇదే పని చేయాలంటే ఒక్కో చెట్టు దగ్గరా క్లచ్, గేరు, క్లచ్. బత్తాయి వేర్లు పైపైనే ఉంటాయి, మొదలు దగ్గర లోతుగా దున్నకూడదు కాబట్టి నెమ్మదిగా పోగలగడం అక్కడ ముఖ్యం. కొల్లాపూర్ మామిడి తోటల్లో చెట్ల మధ్య ఎడం ఎక్కువ, అక్కడ గేర్ల బండికీ దీనికీ అంత తేడా కనబడదు.

పొడుగు వరుసల్లో పెడల్‌ను ఒకే తీరుగా నొక్కి పట్టుకోవడం వల్ల చీలమండ నొప్పి పుడుతుంది. అందుకే చాలా మోడళ్లలో క్రూయిజ్ ఉంటుంది, లీవర్ వేస్తే పెడల్ ఉన్న చోటే నిలుస్తుంది, బ్రేకు తొక్కితే విడిపోతుంది. వరుస చివర మలుపుకు ముందే దాన్ని విడిపించండి. కొత్తవాళ్లకు మొదటి వారం క్రూయిజ్ వద్దు.

మలుపుల దగ్గర మరో పాత అలవాటు బయటపడుతుంది. గేర్ల ట్రాక్టర్‌లో ఒక్క వైపు బ్రేకు తొక్కి చక్రం మీద గిరుక్కున తిప్పుతాం. చిన్న హెచ్‌ఎస్‌టీలలో చాలావాటికి బ్రేకు పెడల్ ఒక్కటే, రెండు చక్రాలకూ కలిపి. పవర్ స్టీరింగ్, పొట్టి బండి కాబట్టి అది లేని లోటు తెలియదు. చాలకపోతే ఒకసారి వెనక్కి వచ్చి మళ్లీ తిరగండి, అందుకే కదా ఈ పెడల్.

ఏటవాలు, ట్రాలీ, నిలిపి ఉంచడం

కాలువ కట్ట మీంచి దిగేటప్పుడు లో రేంజ్‌లో, పెడల్ మీద కాలు కొంచెంగా పెట్టి దిగండి. నూనె గొలుసుకట్టులా చక్రాలను పట్టుకుని ఉంటుంది, కాలు ఎత్తేకొద్దీ బండి నిదానిస్తుంది. ఏటవాలు మీద రేంజ్ లీవర్‌ను న్యూట్రల్‌లోకి మాత్రం ఎన్నడూ తేవద్దు. ఆ క్షణంలో చక్రాలకూ పంపుకూ సంబంధం తెగిపోతుంది, ఇక మిమ్మల్ని ఆపేది బ్రేకు ఒక్కటే. వెనక ట్రాలీ నిండుగా ఉంటే అదీ చాలదు. ఈ బండ్లు తేలికవి, ట్రాలీ వాటిని నెట్టేస్తుంది. ఊరి నుంచి మార్కెట్‌కు బత్తాయి తోలే పనికి వీటిని వాడాలనుకోవద్దు. చాలావాటి వేగం హైలో కూడా గంటకు 25 కిలోమీటర్లు దాటదు. పైగా రోడ్డు మీద అంతసేపు పెడల్ తొక్కి పట్టుకోవడం కాలికి శిక్ష.

నిలిపేటప్పుడు పార్కింగ్ బ్రేకు తప్పనిసరి. గేర్ల బండిని గేరులో పెట్టి దిగిపోతే నిలబడుతుంది. హెచ్‌ఎస్‌టీ ఇంజిన్ ఆపాక నూనె సందుల్లోంచి మెల్లగా కారుతూ ఉంటుంది, వాలులో ఉంటే అంగుళం అంగుళం జరుగుతుంది. మధ్యాహ్నం అన్నం తినొచ్చేసరికి ఒడ్డు దిగి ఉండొచ్చు. బ్రేకు వేసి, రోటవేటర్ నేలకు దించి, చక్రం కింద రాయి పెట్టండి.

బ్యాటరీ పడిపోతే తోసి స్టార్ట్ చేద్దామనే ఆలోచనే మానుకోండి. చక్రాలు తిరిగినా ఆ తిప్పుడు ఇంజిన్ దాకా పోదు. జంపర్ వైర్లే దిక్కు. చెడిపోయి లాగాల్సి వస్తే మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో, రేంజ్ న్యూట్రల్‌లో ఉంచి, మనిషి నడకంత నిదానంగా.

పెడల్ ఆరోగ్యం

కాలు తీసేసినా బండి ముందుకో వెనక్కో పాకుతోందంటే న్యూట్రల్ సర్దుబాటు తప్పింది. చాలాసార్లు లింకు రాడ్డు నట్టు వదులవడమో, పెడల్ కింద ఎండిన మట్టి గడ్డ ఇరుక్కోవడమో కారణం. ముందు మట్టి తీయండి, ఇరుసుకు గ్రీజు పెట్టండి. తగ్గకపోతే చక్రాలు పైకెత్తి, స్టాండ్ల మీద నిలిపి సర్దాలి. అది తెలిసిన మెకానిక్ పని. "కొంచెమే కదా, బ్రేకు తొక్కి పట్టుకుంటా" అని నడపొద్దు.

నూనె విషయంలో మొహమాటం లేదు. ఈ పంపు మోటార్ల మధ్య సందులు చాలా సన్నవి, నూనె శుభ్రంగా ఉండాలి, కంపెనీ చెప్పిన గ్రేడే ఉండాలి. షెడ్డులో ఉంది కదా అని 90 నంబర్ గేర్ ఆయిల్ కలిపితే పంపు పోతుంది, పంపు ఖరీదు వింటే కళ్లు తిరుగుతాయి. చాలా కంపెనీలు మొదటి 50 గంటలకే ఫిల్టర్ మార్చమంటాయి, కొత్త పళ్ల అరుగుదల అంతా అందులో చేరుతుంది కాబట్టి. నల్లగొండ ఎండ మే నెలలో 45 డిగ్రీల దాకా పోతుంది. నూనె వేడెక్కి పలచబడితే మధ్యాహ్నం బండి పొద్దున్నంత లాగదు. కూలర్ రెక్కల్లో, ఫ్యాన్ దగ్గర ఇరుక్కున్న గడ్డి, దుమ్ము రోజూ ఊదండి. గట్టి పని పొద్దున్నే పెట్టుకోండి.

ఏ రకం తీసుకోవాలి

నన్నడిగితే, పలువురు నడిపే తోటకు పక్కపక్క రెండు పెడల్స్‌దే మేలు. గెట్లు, పాదుల మీద బండి ఎగిరిపడ్డప్పుడు ఒకే పెడల్ రకంలో మడమ పొరపాటున వెనక చివర మీద పడి బండి గుంజుతుంది. రెండు పెడల్స్‌లో మడమ నేల మీద ఉంటుంది కాబట్టి కుదుపు పెడల్‌కు అంతగా చేరదు. చెప్పులతో ఎక్కే కూలి డ్రైవర్ ఉన్నా అదే. పెంట దిబ్బ దగ్గర లోడర్‌తో ట్రాలీలు నింపే పని రోజూ ఉండి, బూట్లు వేసుకుని ఒక్కరే నడిపితే ఒకే పెడల్ చురుగ్గా ఉంటుంది, ముందుకూ వెనక్కూ కాలు కదిలించాల్సిన పనే లేదు. ఏటా ఎకరాలకెకరాలు దున్నడమే పనైతే రెండూ వద్దు, గేర్ల బండి కొనండి. అదే ఇంజిన్‌తో హెచ్‌ఎస్‌టీ బండి పీటీఓ దగ్గర ఒకటి రెండు హెచ్‌పీ తక్కువ ఇస్తుంది, డీజిల్ కూడా కొంచెం ఎక్కువ తాగుతుంది.

పాతది కొనేటప్పుడు చల్లగా ఉన్న బండిని ఒక చుట్టు తిప్పి చూసి బేరం కుదుర్చుకోవద్దు. అరిగిన పంపు చల్లటి నూనెతో బాగానే లాగుతుంది, వేడెక్కితేనే గుట్టు బయటపడుతుంది. అరగంట రోటవేటర్ ఆడించండి. తర్వాత చదును నేల మీద ఆపి, లో రేంజ్ వేసి, రేజ్ 2000కు ఎత్తి, కాలు తీసి చూడండి, కదలకూడదు. పెడల్‌ను సగం నొక్కి వదలండి, తడబడకుండా మధ్యకు రావాలి. ఇరుసు దగ్గర పెడల్‌ను పక్కకు కదిపి ఆట ఎంతుందో చూడండి. చివరగా ఏటవాలు ఎక్కించి, సగంలో ఆపి, మళ్లీ ఎక్కించండి. చల్లగా ఉన్నప్పుడు ఎక్కిన వాలు వేడెక్కాక ఎక్కలేకపోతే, అమ్మేవాళ్లు ఎంత తగ్గిస్తామన్నా తీసుకోవద్దు.